దాచమన్న లింకు

కొండ దిగి పారే గెడ్డకు అడ్డంగా ఆనకట్ట లేస్తే ముందుగా మునిగేది కరకపుట్టు. మునగడం ఇష్టం లేని ఊళ్ళు తమ అభ్యంతరాన్ని ఫలానా లింకులో పంపుకోవాలని, గడువులోగా ఏదీ పంపని ఊరు ఒప్పుకున్నట్టే లెక్క అని అధికారులు చెప్పి వెళ్ళారు. ఆ లింకును ‘పనికొచ్చే లింకులు’ అనే వాట్సాప్ గ్రూపులో పెట్టింది సుజానా. హుకుంపేటలో ఒక మిషన్ స్కూల్లో ఆమె తెలుగు టీచరు. దాన్ని గ్రూపులోంచి చెరిపేసింది ఆ గ్రూపుకే రెండో అడ్మిన్ అయిన ప్రేమ్‌కుమార్. ఆనకట్ట కట్టే కంపెనీవాళ్ళకు అమ్ముడుపోయాడని సుజానా అందరూ చదివేలా రాసి, అతన్ని గ్రూపులోంచి గెంటేసింది. పోయినవారం కథ అక్కడికి వచ్చి ఆగింది.

ఇవాళ ఆ గడువుకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి లింకు మూసుకుంటుంది.

సంత రోజు కూడా ఇదే అయింది. చింతపండు బుట్టలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు దారికి రెండువైపులా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య నుంచి సుజానా ఎవరి పలకరింపుకూ ఆగకుండా నడుస్తోంది. వెనకే కరకపుట్టు వార్డు మెంబరు ఫల్గుణ. యాభై దాటిన మనిషి, మామూలుగా సంతకొస్తే పదిమందితో పరాచికాలాడందే అడుగు వెయ్యడు. ఇవాళ అతనికీ నోరు లేదు. అతని చొక్కా జేబులో ఊరి తీర్మానం ఉంది. ఊరంతా కూర్చుని, మేము కొండ దిగం అని వేలిముద్రలు వేసిన కాగితం. కాగితాలు ఇక్కడ తీసుకోం, అంతా ఆన్‌లైనే అని ఆఫీసులో తిప్పి పంపేశారు. దాని ఫోటో సుజానా ఫోన్లో సిద్ధంగా ఉంది. లేనిదల్లా పంపే లింకే.

ఒక లింకు కోసం ఇంత గోలేమిటని కొత్తగా చదువుతున్నవాళ్ళు అడగొచ్చు. హాస్టలు సీటు కావాలన్నా లింకే, పింఛను కావాలన్నా లింకే, కాఫీ మొక్కలకు పేరు రాయించుకోవాలన్నా లింకే. తెలిసినవాడికి అది దారి, తెలియనివాడికి గోడ. కొండమీది ఊళ్ళలో సిగ్నలు ఉండదు కాబట్టి సుజానా ఒక ఏర్పాటు చేసింది. ఎక్కడైనా మంచి లింకు కనబడితే తాను తెరిచి చూసుకుని, దేనికి పనికొస్తుందో రెండు ముక్కలు తెలుగులో రాసి గ్రూపులో పెట్టేది. కింది ఊళ్ళవాళ్ళు దాన్ని పదిలంగా ఉంచి, సంతకు దిగిన పై ఊళ్ళవాళ్ళ ఫోన్లకు పంపేవాళ్ళు. కరకపుట్టుకు చేరవేసే పని ప్రేమ్‌కుమార్‌ది. కింద లోగెడ్డ ఊరివాడు, సంత చివర సెల్ రీఛార్జి, జెరాక్సు దుకాణం నడుపుతాడు. చేసినన్నాళ్ళూ వంక పెట్టడానికి లేకుండా చేశాడు. అందుకే అతను చేసిన పని సుజానాకు మరీ మండింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అందరికీ లింకులు పదిలం చేసుకోమని పాఠాలు చెప్పే సుజానా ఈ ఒక్కదాన్నీ విడిగా పెట్టుకోలేదు. గ్రూపులో ఉందిగా అనుకుంది. చెప్పేవి శ్రీరంగనీతులన్నట్టే అయింది ఆమె పని. అది గ్రూపులోంచి పోయేసరికి ఆమెకూ పోయింది. ఆఫీసు సైటులో వెతికితే ఎప్పటెప్పటివో పాత నోటీసులు కుప్పలుగా వచ్చాయిగానీ అది దొరకలేదు. ఇక మిగిలింది ప్రేమ్‌కుమార్ గుమ్మమే.

దుకాణంలో ఇద్దరు ముగ్గురు రీఛార్జికి నిలబడి ఉన్నారు. సుజానాను చూడగానే ప్రేమ్‌కుమార్ చేతిలో పని ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. అడ్డాకులమ్మే ముసలామె ఫోను సరిచేసి ఇచ్చి, ఆమె వెళ్ళాక అప్పుడు స్టూలు ముందుకు జరిపాడు.

“కూకోండి టీచరుగోరూ.”

“కూర్చోడానికి రాలేదు. ఆ లింకు నీ దగ్గర ఉందా?”

“ఉన్నాది.”

సుజానా ఆ జవాబుకు సిద్ధపడి రాలేదు. లేదంటాడని, నాకేం తెలుసంటాడని, అప్పుడు అనవలసిన మాటలన్నీ దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చింది. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

“ఉంటే గ్రూపులోంచి ఎందుకు తీసేశావు?”

“మీరు సెప్పినారు, తీసేసినాను.”

“నేనా? నేను చెప్పానా?” ఆమె గొంతు లేచింది. రీఛార్జి కోసం నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. “ఊరు మునగకుండా కాపాడే లింకు చెరిపెయ్యమని నేను చెప్పానా ప్రేమ్? అబద్ధమాడినా అతికినట్టు ఉండాలి.”

ప్రేమ్‌కుమార్ ఫోను తీసి, ఏదో వెతికి, బల్లమీద ఆమె వైపు తిప్పి పెట్టాడు. తనకు తానే పంపుకున్న ఫోటో అది. సుజానా ఆ రోజు లింకు కింద గ్రూపులో పెట్టిన మెసేజి.

‘ఈ లింకు దాచండి. ఇప్పుడే ఏమీ పంపకండి. తీర్మానం తయారయ్యాక చెబుతాను.’

సుజానా చదివింది. అందులో ఆమెకు తప్పేమీ కనబడలేదు. “అవును. దాచమన్నాను. దాచమంటే సేవ్ చేసుకోమని. ఇన్నాళ్ళ నుంచి గ్రూపులో ఏం రాస్తున్నాను నేను?”

“దాసుకోండి అని రాస్తన్నారు,” అన్నాడు ప్రేమ్‌కుమార్. “మొదటి దినం నుండీ అదే. మేమందరం సేవ్ సేయండి అంటే మీరు నవ్వేవోరు, దాసుకోండి అనండర్రా, మంచి తెలుగు ఉన్నాది కదా అనేవోరు. దాసుకోండి అంటే సేవ్ అని మాకు తెల్దేటి? ఆ దినం మీరు దాసుకోండి అన్నేదు. దాసండి అన్నారు.”

సుజానా మళ్ళీ చదివింది. ఈసారి పిల్లల పరీక్ష పేపరు చదివినట్టు, అక్షరం అక్షరం. దాచండి. ‘కో’ లేదు.

“ముందు దినమే కదా మీరు సెప్పినారు,” అతను అదే గొంతుతో అంటున్నాడు. “కంపెనీవోలు మన గ్రూపు సూస్తన్నారు, జాగర్త అని. మర్నాడు లింకు దాసండి, ఏటీ పంపకండి అని వొచ్చినాది. దాసీమంటే దాసీసినాను. అందరి ఫోన్లలోంచీ తీసేసి, నా ఒక్కడికాడే ఎట్టినాను. మీరు సెప్పే దాకా ఎవులికీ పంపకూడదని కరకపుట్టోలు సంతకొచ్చి అడిగినా నేదన్నాను. ఈ మావే రెండుసార్లు అడిగినాడు. మొకం సూసి అబద్ధమాడినాను.”

ఫల్గుణ అవునన్నట్టు తలూపాడు.

“పంపకండి అంటే అభ్యంతరాలు పంపకండి అని,” అంది సుజానా. ఆ మాట ఆమెకే సన్నగా వినబడింది. “తలోరకంగా రాసి పంపితే చెల్లవేమోనని. లింకు పంపొద్దని కాదు. ఎవరైనా సందర్భం చూసుకోవాలి కదా. అనుమానం ఉంటే నాకు ఫోన్ చెయ్యొచ్చు కదా.”

“సేసినాను. మీరు విశాపట్నంలో పేపర్లు దిద్దతన్నారు. ఎత్తనేదు. తిరిగొచ్చినాక అడుగుదుమనుకున్నాను. వొచ్చిన పూటే గెంటీసినారు. నంబరు కూడా బ్లాక్ సేసినారు. మాయమ్మ చర్చికెల్తే మీవోడు కొండని ఎంతకి అమ్మీసినాడని అడిగినారంట. ఆవిడ వారం నుండి బయిటికి రానేదు.”

విశాఖలో ఆ వారం సుజానా చేసిన పనేమిటంటే, పిల్లలు ఒత్తు మరిచారని, దీర్ఘం మరిచారని ఎర్రసిరాతో మార్కులు కొయ్యడం. పేపర్ల కట్ట ముందు కూర్చుని, హడావుడిగా ఒంటిచేత్తో కొట్టి పంపిన మెసేజి ఇది. ఎవరి ‘కో’ ఎవరు దిద్దాలి. అయినా మనసు వెంటనే వంగలేదు. చదువు చెప్పేవాళ్ళకు ఉండే జబ్బు అది, తప్పు తనదని తెలిశాక కూడా ఇంకో వాక్యం వెతుక్కుంటుంది. ఆమె నోరు తెరిచేలోగా ఫల్గుణ మాట్లాడాడు.

“నాకు సదువు నేదు టీచరమ్మా. ఆ ‘కో’ ఎంతుంటాదో నాకు తెల్దు. అదొక్కటి నేక మా ఊరు మునిగిపోతాదేటి?”

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. సుజానాకు సిగ్గేసింది. నలుగురిలో నిలబడి ఉందని కాదు, ఆ ప్రశ్నకు జవాబు తన దగ్గర లేనందుకు.

“తప్పు నాది ప్రేమ్,” అంది. “నీది కాదు. నీ మీద అంత మాట అనకుండా ఒక్కసారి అడిగి ఉండాల్సింది.”

“ఆ మాట నాకు సెప్తే ఏటొస్తాది? ఊరికి సెప్పండి. అందరూ సదవలేరు, గొంతుతో సెప్పండి. లింకు ఆనక ఇస్తాను.”

“ఇప్పుడా? టైమెంతయిందో చూశావా?”

“సూసినాను. మీరు బేగి సెప్తే బేగి అయిపోతాది.”

ఫల్గుణ ఇద్దరి వైపూ చూశాడు. ఒకరి పరువు, ఒక ఊరి బతుకు, రెండూ ఒకే బల్లమీద ఉన్నాయి. సుజానా ఫోను తీసింది. సంత గోల మధ్య, రీఛార్జికొచ్చినవాళ్ళు వింటుండగా, గ్రూపులో మైకు బొమ్మ నొక్కి పట్టుకుంది.

“నేను సుజానాని మాట్లాడుతున్నాను. ప్రేమ్‌కుమార్ లింకు దాచిపెట్టింది నేను రాసిన మాట వల్ల. నేను సేవ్ చేసుకోమనబోయి, తప్పు రాశాను. అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. అతను ఎవరికీ అమ్ముడుపోలేదు. నేనన్న మాట వాపసు తీసుకుంటున్నాను. వాళ్ళమ్మగారిని ఎవరైనా ఏమైనా అని ఉంటే, ఆ పాపం నాదే.”

వేలు తీసింది. మెసేజి వెళ్ళింది. వెంటనే ప్రేమ్‌కుమార్‌ను మళ్ళీ గ్రూపులో చేర్చి, నంబరు మీద ఉన్న బ్లాకు కూడా తీసేసింది. అతను తన ఫోను తీసి, దాచిన చోటు నుంచి లింకు పంపించాడు. ఆ పంపడంలో ఎక్కడా విసురు లేదు. అతని కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

“ఇలా రండి. సెల్లులో కాదు, కంప్యూటర్లో సేద్దుం,” అని స్టూలు తనే జరిపాడు.

ముగ్గురూ తెర ముందుకు చేరారు. లింకు నీలంగా మెరిసి, గుండ్రం తిరిగి తిరిగి, ఎట్టకేలకు తెరుచుకుంది. జిల్లా, మండలం, పంచాయతీ నొక్కారు. కింద ఊళ్ళ పేర్లు వరసగా పడ్డాయి. సుజానా కరకపుట్టు మీద నొక్కింది.

ఫోటో ఎక్కించే గడి రాలేదు. దాని బదులు రెండు వరసలు వచ్చాయి.

‘ఈ గ్రామం నుంచి సమాధానం అందినది. అభ్యంతరం లేదు.’

సుజానా వెనక్కి వెళ్ళి మళ్ళీ నొక్కింది. అదే వచ్చింది. ప్రేమ్‌కుమార్ తెరను కిందికి జరిపాడు. చిన్న అక్షరాల్లో, ఊరికి ఒక్క సమాధానమే తీసుకుంటామని రాసి, దాని కింద పంపినవారి పేరుంది. యర్రమ్మ, కరకపుట్టు.

“ఏటన్నాది?” అన్నాడు ఫల్గుణ.

సుజానా చదివి వినిపించింది. అతను నమ్మలేదు. “మాయత్తా? నాను పిలిస్తే ముందల ఒచ్చి ఏలిముద్ర ఏసింది ఆవిడే. ఆళ్ళ ముసిలోడి సమాధి గెడ్డొడ్డునే ఉన్నాది. ఆవిడెందుకు ఒప్పుకుంటాది?”

పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. లింకు లేదని ఏడ్చినవాళ్ళకు లింకు దొరికింది, దొరికేసరికి ఊరు చెయ్యి జారిపోయి ఉంది. ప్రేమ్‌కుమార్ ఒక్కడే తెర వదల్లేదు. “మార్సుకోవొచ్చునని రాసున్నాది సూడండి. గడువు లోపల మార్సొచ్చు. పంపినోల ఫోనుకి ఓటీపీ వొస్తాది, అది కొడితే సాలు.”

“అయితే కొట్టు,” అంది సుజానా. “ఫల్గుణగారూ, యర్రమ్మమ్మ ఎక్కడుంటుంది ఇప్పుడు?”

“ఈయేలకి మేకలు సిగ్నల్ బండకాడే మేస్తాయి. ఆవిడ అక్కడే కూకుంటాది, సెల్లు పలికేదీ అక్కడే. అదిగో, నంబరు ఇదే. నాను మాటాడతాను, ఉండండి.”

“వద్దు, నేను మాట్లాడతాను. నా మాట వింటుంది.”

ఆమె ఆ మాట గర్వంతో అనలేదనే చెప్పాలి. నమ్మకంతోనే అంది. యర్రమ్మకు ఆగిపోయిన పింఛను మళ్ళీ వచ్చింది సుజానా నొక్కిన లింకుతోనే. ఆనాటి నుంచి ముసలామె సంతకు వచ్చినప్పుడల్లా పనసతొనలో, చింతచిగురో సుజానా ఇంటికి తెచ్చి ఇచ్చి వెళ్ళేది. ఫల్గుణ చాపిన చేతిలోంచి ఫోను సుజానాయే అందుకుని, ఆ నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. ప్రేమ్‌కుమార్ కంప్యూటర్లో ఓటీపీ బటను నొక్కాడు.

చాలాసేపు మోగింది. మేకల మెడగంటలు వినబడ్డాయి.

“ఎవులు?”

“యర్రమ్మమ్మా, నేను సుజానాని. టీచర్ని.”

అవతల మేక ఒకటి అరిచింది.

“వినబడుతోందా అమ్మా? సుజానాని. నీ పింఛను లింకు నొక్కానే, ఆ సుజానాని. నీ ఫోనుకి ఇప్పుడొక నంబరు వచ్చి ఉంటుంది. అంకెలు చూసి బేగి చెప్పమ్మా.”

“మొన్నా ఇలాగే అన్నావు,” అంది యర్రమ్మ.

సుజానా ప్రేమ్‌కుమార్ వైపు చూసింది. “నేను అనలేదమ్మా. ఎవరన్నారు?”

“సుజానా. సుజానానని సెప్పినాది. ఆడగొంతే. పింఛను మాటా సెప్పినాది, నాను తెచ్చిన పనసతొనల మాటా సెప్పినాది. ఫోనుకి నంబరొచ్చినాది, బేగి సెప్పమన్నాది. నువ్వే గదా అని ఒక్కో అంకే సూసి సెప్పీసినాను.” ముసలామె ఊపిరి తీసుకుంది. “ఆనక ఎన్నిసార్లు సేసినా మరి ఎత్తనేదు. ఏటో తప్పు సేసీసినానని తెలిసిపోనాది నాకు. ఆ పొద్దుకాణ్ణుంచి ముద్ద దిగనేదు. ఊరోలికి సెప్పడానికి నోరు రానేదు.”

“అమ్మా, అది నేను కాదు. ఇప్పుడు మాట్లాడుతున్నది నేను. అది సరిచెయ్యడానికే...”

“అదీ ఇలాగే మెత్తగా మాటాడినాది. ఇంక ఏ సుజానా అడిగినా సెప్పను.”

ఫల్గుణ ఒక్క ఊపున ముందుకు వంగి, తమ భాషలో అత్తను పిలిచాడు. అప్పటికే ఫోను ఆగిపోయింది.

మళ్ళీ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మూడోసారి చేసేసరికి, మీరు పిలిచిన వ్యక్తి అందుబాటులో లేరని ఫోన్లో రికార్డు గొంతు చెప్పింది. ఫల్గుణ ఫోను జేబులో పెట్టుకున్నాడు. “మేకల్ని తోలుకుని దిగిపోనాది. ఇంటికాడ సిగ్నలు నేదు,” అన్నాడు. ముందే నన్ను మాట్లాడనిచ్చుంటే అని అతను అనలేదు. అనకపోయినా సుజానాకు వినబడింది. ఆ ముసలామెకు ఈ లోకంలో ఇవాళ నమ్మకూడని పేరు ఒక్కటే ఉంది, ఆ పేరే ముందుకు తోసింది తాను.

“బండి తీస్తాను. అడ్డదారినెల్తే కొండడుగుకి ఎల్లిపోవొచ్చు, అక్కణ్ణుంచి నడకే,” అంటూ ఫల్గుణ బయటికి నడిచాడు. “ఆవిణ్ణి బండకాడికి ఎక్కించి ఫోన్ సేయిస్తాను. కొండెక్కే దాకా సెల్లు పన్జేయదు. మీరు ఇక్కడ కంప్యూటరు కాడే ఉండండి.”

సుజానా గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. సంతలో పొద్దు అప్పుడే పడమటికి వాలుతోంది. చీపుర్లవాళ్ళు కొందరు మూటలు కట్టేస్తున్నారు. కొండ మీద మబ్బు పట్టింది.

“టీచరుగోరూ,” ప్రేమ్‌కుమార్ వెనక నుంచి నెమ్మదిగా అడిగాడు. “మీ పేరు ఎవులైనా సెప్పుకోవొచ్చు. పింఛను సంగతి కూడా ఊర్లో తెలిసే ఉంటాది. పనసతొనల మాట ఎవులికి తెల్సు? అయ్యి మీ ఇంటికాడ కదా ఇచ్చినాది.”

ఇంటికాడే. సుజానాకు ఆ పూట కళ్ళముందుకు వచ్చింది. యర్రమ్మ గడపలో కూర్చుంది. ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, పనసతొనలు గిన్నెలోకి తీసుకుంది, ఎంత తియ్యగా ఉన్నాయో అని మెచ్చుకుంది సుజానా కాదు. ఆమెతో ఒకే ఇంట్లో అద్దెకుంటూ, అదే స్కూల్లో లెక్కలు చెప్పే సాయిదుర్గ.

ఇవాళ పొద్దున సుజానా చెప్పులేసుకుంటుంటే సాయిదుర్గ టీ గ్లాసు చేతికిచ్చి, “ఎందుకే నీకు ఇంకా ఈ తిప్పలు, ఆ ఊరు ఎప్పుడో ఒప్పుకుందిగా,” అంది. వేళాకోళం అనుకుని సుజానా నవ్వేసి వచ్చింది.